ఇంకో చుక్క నీలం

ముందు గిన్నెల సబ్బుతో కడగాలి.
వేలిముద్ర ఒక్కటి మిగిలినా
రంగు దాన్ని తప్పుకుని పోతుంది, రాయి చుట్టూ నీళ్ళలా.
తర్వాత ఎంత తుడిచినా
ఆ బొటనవేలు విమానంలోనే కూర్చుని ఉంటుంది,
టిక్కెట్టు లేని ప్రయాణికుడు.

వాగా వాగాలో నేను పళ్ళు చేస్తాను.
పింగాణీ పళ్ళు. పక్కపంటికి జతగా
కొత్తపంటికి రంగు కలపడం పద్దెనిమిదేళ్ళుగా నా జీతం.
తెలుపులో పదహారు తెలుపులు తెలుసు నాకు:
మజ్జిగ తెలుపు, పాత దువ్వెన తెలుపు,
సిగరెట్టు మానేసినవాడి తెలుపు,
మానేశానని చెప్పేవాడి తెలుపు.
అందుకే మెర్వ్ టోల్‌హర్స్ట్ ఆ డొప్ప తెచ్చి
నా బల్లమీద పెట్టాడు.

గాజు కాదు, గాజులాంటి ప్లాస్టిక్.
చేలకు మందుకొట్టే విమానం ఒకటి
చెక్కతో తనే చేసుకున్నాడు. దాని పైలట్ తలమీది గొడుగు ఇది.
జానెడు పొడవు, ఊదితే కదిలేంత బరువు.
"ముప్ఫై ఏళ్ళు వాటికి బోల్టులు బిగించాను.
అద్దంలో కొంచెం నీలం ఉండేది.
అందులోంచి చూస్తే పొద్దున
ఇంకాస్త పొద్దునలా ఉండేది.
అలా కావాలి."

బట్టల రంగు, వేడినీళ్ళు, వంటింటి థర్మామీటరు.
వేడి మితిమీరిందా, డొప్ప అప్పడంలా ముడుచుకుంటుంది.
దారం కట్టి ముంచాను. అరవై లెక్కపెట్టి తీశాను.
నీలిమందు సంగతి తెలిసిందే కదా,
ఒక చుక్క తెలుపుని ఇంకా తెల్లన చేస్తుంది,
రెండో చుక్క పంచెను పాడుచేస్తుంది.
ఒక చుక్క దగ్గరే ఆగింది నా చెయ్యి.

మెర్వ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.
"అసలు ముంచావా?"

మళ్ళీ ముంచాను.
"ఇంకొంచెం."
మళ్ళీ.
"ఇంకో చుక్క, హైమా."

మూడు శనివారాలు. సింకు నీలం, గోళ్ళు నీలం.
సోమవారం ఎవరిదో కోరపన్ను పట్టుకుంటే
డాక్టరమ్మ అదోలా చూసింది.
డొప్ప ఇప్పుడు సిరాబుడ్డి.
పచ్చకామెర్ల సామెత నాలుక చివరిదాకా వచ్చింది,
ఇంగ్లీషులో పెట్టేలోగా జాలేసి మింగేశాను.
"సరిగ్గా ఇదే," అన్నాడు మెర్వ్, కళ్ళు చికిలించి.

టేపు అంటించి, కొత్త బ్లేడుతో,
చెయ్యి బరువు పడకుండా కోసి
చట్రం గీతలకు పసుపు వేశాను.
జిగురు మాత్రం తెల్లదే. సూపర్‌గ్లూ ఆవిరి
లోపల మంచులా పడుతుంది,
వేలు దూరనిచోట, ఎవరూ తుడవలేని మంచు.

ఏప్రిల్లో ఆల్బరీలో అతని కుడికంటికి ఆపరేషను.
శుక్లం అంటాం మనం. తెలుపని పేరు.
తీరా అది పసుపట,
పొయ్యిమీద మరిచిపోయిన నెయ్యిలా
ఏళ్ళతరబడి కనుపాప వెనక ముదిరిందట.
పదహారు తెలుపులు తెలిసినదాన్ని,
ఈ పదిహేడోదాన్ని ఎన్నడూ అనుమానించలేదు.
నా కళ్ళకిప్పుడు నలభై తొమ్మిది.
వాటిలో ఎంత పసుపో
ఏ పక్కపంటితో పోల్చి చూసుకోను?

ఆదివారం క్లబ్బు మైదానంలో
కొత్తకన్నుతో డొప్పను చూశాడు మెర్వ్.
"ఎవరు చేశారిలా? కక్కిన జెల్లీలా ఉంది!"
మిగతావాళ్ళు బూట్లవైపు చూసుకున్నారు.
నేను నవ్వాను.
కుడికన్ను మూశాడు, ఎడమతో చూశాడు. మార్చాడు.
మళ్ళీ మార్చాడు,
స్విచ్చి అందిన పసివాడిలా.

కారులో ఇంకోటి ఉందని చెప్పాను.
జతలో రెండోది, మొదటిరోజే ముంచి దాచింది,
ఒక చుక్క దగ్గర ఆగింది.

మెర్వ్ ఆలోచించాడు.
"ఎడమకన్ను జూన్‌లో కదా,
అందాకా దీన్నే ఎగరనీ."

పాడైన పొలం మీదుగా లేచింది విమానం,
ముక్కు చివర ఎండ, నెత్తిన సిరా.
కుడికన్ను గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.
దింపేటప్పుడైనా
రెండూ తెరవమన్నాను.